గొంగళి వీపు మీద బియ్యపు గింజలు

ఇచ్ఛాపురం పక్కన కొబ్బరితోట ఉన్న ఒక పెద్దాయన ఫోటో పంపారు. కొబ్బరాకు మీద ఆకుపచ్చ గొంగళి, వెన్ను పొడుగునా నీలి చార, ఒళ్ళంతా ముళ్ళ కుచ్చులు. వీపు మీద బియ్యపు గింజల్లా తెల్లగా ఇరవై దాకా ఏవో అతుక్కుని ఉన్నాయి. కింద సందేశం: “మాస్టారూ, ఇది గుడ్లు పెట్టేసింది. మొన్న దింపు తీసే కుర్రాడికి చెయ్యి వాచిపోయింది. హవాయిలో ఇలాంటి పురుగు మీదకి కందిరీగల్ని వదిలేరట. మనకీ తెప్పించలేరేటి?”

మా బరంపురంలో ఒడియా పిల్లలకి ఇది సంబాళువా, తెలుగు పిల్లలకి దురదపురుగు. కుట్టాక ఏడుపుకి మాత్రం భాషాభేదం లేదు.

హవాయి సంగతి నిజమే. అక్కడి పురుగు డార్నా పల్లివిట్టా. 2001లో పెద్దదీవిలోని పనాఎవాలో, ఒక నర్సరీలో బయటపడింది. తైవాన్ నుంచి మొక్కలతోపాటు దిగిందని అంచనా. తర్వాత మరికొన్ని దీవులకీ పాకింది. పుట్టింట్లో దాన్ని అదుపులో పెట్టే శత్రువులున్నాయి. ప్రయాణం కట్టినప్పుడు పురుగొక్కటే వచ్చింది, శత్రువులు వెనకే ఉండిపోయాయి. అందుకని శాస్త్రవేత్తలు ఆ పుట్టింటికే వెళ్ళి, 2004లో తైవాన్‌లో అరోప్లెక్ట్రస్ డైమెరస్ అనే కందిరీగని పట్టుకొచ్చారు. పొడవు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు.

ముళ్ళ గురించి కొంచెమే చెబుతాను. ప్రతి ముల్లూ లోపల బోలు, అడుగున విషం. ఇదే కుటుంబానికి చెందిన ఒక ఆస్ట్రేలియా గొంగళి విషాన్ని 2021లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్షిస్తే 151 రకాల ప్రోటీన్ విషాలు తేలాయి. కుట్టినచోట రుద్దకూడదు. అతుకు టేపు అంటించి లాగితే విరిగిన ముళ్ళు ఊడొస్తాయి. మంత్రం వేయిస్తే రావు.

ఇంత ఆయుధం ఉన్నదాని మీద అంత చిన్న ప్రాణి ఎలా వాలుతుందీ అంటే, ఆ ముళ్ళు పిట్టలకీ బల్లులకీ మన చేతులకీ పెట్టుకున్నవి. కందిరీగకి అదొక సరుగుడు తోట. మొదళ్ళ మధ్యనుంచి నడిచి పోతుంది.

భ్రమరకీట న్యాయం మీరూ వినే ఉంటారు. భ్రమరం ఒక పురుగుని తెచ్చి మట్టిగూట్లో పెట్టి చుట్టూ ఝుంకారం చేస్తుంది. పురుగు భయంతో ఆ భ్రమరాన్నే తలచి తలచి, చివరికి తానే భ్రమరమై ఎగిరిపోతుంది. ధ్యానానికి ఉపమానంగా పెద్దలు చెప్పేది. పాఠం చెప్పే రోజుల్లో నేను దీన్ని మూఢనమ్మకమని ఒక్కమాటలో కొట్టిపారేసేవాణ్ణి. తొందరపడ్డాను. ఆ చూసినాయన చూపులో లోపం లేదు. మట్టిగూడు నిజం, పురుగుని మోసుకురావడం నిజం, పురుగు లోపలికి పోయి ఈగ బయటికి రావడమూ నిజం. గూడు పగలగొట్టి చూడలేదు, అంతే. లోపల ఈగ గుడ్డు కూడా ఉంది! కుట్టి కదలకుండా చేసిన ఆ పురుగు, పుట్టబోయే పిల్లకి తల్లి దాచిన తిండి. చంపితే కుళ్ళిపోతుంది, వదిలితే పారిపోతుంది. అందుకే చావూ బతుకూ కాకుండా ఉంచుతుంది, మనవాళ్ళు కొరమీనుల్ని కుండనీళ్ళలో ఉంచినట్టు.

అరోప్లెక్ట్రస్ ఇదే పనిని గూడు కట్టకుండా చేస్తుంది. గొంగళి వీపే దాని మట్టిగూడు. విషంతో కదలిక ఆపి, గుడ్లు చర్మం మీదే పెడుతుంది. పిల్లలు పైనుంచే పీల్చి తింటాయి. అయితే వీపు మీద కాపురానికి ఒక చిక్కుంది. ఎదిగే గొంగళి కుబుసం విడుస్తుంది. పాత చర్మం జారిపోతే దానికి అతుక్కున్న సంసారమంతా జారిపోవాలి. దీని చుట్టాలు యూప్లెక్ట్రస్ కందిరీగలు ఇందుకు చేసే పని చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. అవి కుట్టిన గొంగళి తర్వాత కూడా తింటుంది, తిరుగుతుంది, కుబుసం మాత్రం విడవలేదు. విషం సరిగ్గా ఆ ఒక్క పనినే ఆపేస్తుంది. అద్దెకున్నవాళ్ళు ఇల్లు ఖాళీ చెయ్యాల్సొస్తుందని ఇంటాయన చేత మరమ్మతులే మాన్పించినట్టు.

ఫోటోలోది ఇంకో రకం. అపాంటెలిస్ వర్గపు కందిరీగలు గొంగళి ఒంట్లోపలే గుడ్లు పెడతాయి. కుబుసం బాధ లేదు కానీ లోపల వేరే గండం. గొంగళి రక్తకణాలు పరాయి గుడ్డుని పసిగట్టి, పొరలు పొరలుగా చుట్టుకుని చంపేస్తాయి. అందుకని తల్లి గుడ్డుతోపాటు వైరస్ కణాల్ని కూడా ఎక్కిస్తుంది. వీటిని పాలీడీఎన్ఏ వైరస్‌లంటారు. దాదాపు 10 కోట్ల ఏళ్ళ కిందట ఒక పూర్వపు కందిరీగ జన్యువుల్లో చేరి అక్కడే స్థిరపడిపోయిన వైరస్ సంతతి ఇది. కందిరీగ అండాశయంలో తప్ప ఎక్కడా తయారుకాదు. గొంగళి కణాల్లోకి వెళ్ళి తన జన్యువులతో పని చేయిస్తుంది కానీ అక్కడ పిల్లల్ని పెట్టదు. ఆ జన్యువుల పని, రక్తకణాలు గుడ్డుకి అతుక్కోకుండా చూడటం. పిల్లలు ఎదిగాక చర్మం చీల్చుకుని వచ్చి తెల్లటి పట్టుగూళ్ళు అల్లుకుంటాయి. పెద్దాయన చూసిన బియ్యపు గింజలు అవే.

గొంగళి గుడ్లు పెట్టదు. అది ఇంకా పిల్ల, పెట్టేది రెక్కలొచ్చిన చిమ్మట. ఈ జీవితచక్రం బొమ్మని పిల్లల చేత ఎన్నిసార్లు వేయించానో! నాలుగు గళ్ళు, నాలుగు బాణాలు, అయిదు మార్కులు. ఏ బాణం మీదా కందిరీగని వెయ్యమనలేదు.

ఇక తెప్పించే మాట. 2004లో పట్టుకున్న కందిరీగని హవాయిలో వదిలింది 2010లో. అన్నాళ్ళూ గదుల్లో బంధించి, వేరే గొంగళుల్ని ముందు పెట్టి, వాటిని ముట్టుకుంటుందేమో చూశారు. ఈ చాదస్తానికి కారణం ఉంది. జిప్సీ చిమ్మట కోసమని 1906లో యూరప్ నుంచి అమెరికాకి తెచ్చిన కంప్సిలురా ఈగ, కనపడిన గొంగళినల్లా పట్టి, అక్కడి పెద్ద పట్టుచిమ్మటల్ని కూడా తినేసింది. పట్టు చేతపట్టిన బరంపురం వాళ్ళకి ఈ భయం అర్థమవుతుంది. 1980లో బెంగాల్ పట్టుగూళ్ళతో కర్ణాటక చేరిన ఊజీ ఈగ కూడా గొంగళిని తినేదే. కాకపోతే అది తిన్నది రైతు పెంచుకునే గొంగళిని. దాన్ని అణచడానికి వాడే నెసోలింక్స్ థైమస్ మళ్ళీ ఒక కందిరీగ, అరోప్లెక్ట్రస్ కుటుంబానిదే.

ఫోటోలోని గొంగళి పరాసా లెపిడాలా ఉంది. అది పరాయిది కాదు, ఇక్కడిదే. దాని కందిరీగలూ ఇక్కడివే, అప్పటికే పనిలో ఉన్నాయి. తోటంతా మందు కొడితే ముందు పోయేవి ఆ కందిరీగలే.

ఇదంతా ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విన్నారు. ఆ ఆకుని గాజుసీసాలో వేసి మూతికి గుడ్డ కట్టండి, రెక్కలతో ఏం బయటికొస్తుందో ఇద్దరం చూద్దామన్నాను.

“ఇంకెక్కడి ఆకు మాస్టారూ,” అన్నారు, “అన్ని గుడ్లు చూసేసరికి బెంగొచ్చి, ఆకుతో సహా పొయ్యిలో పెట్టేసినాం.”