చిరుధాన్యాల వెనక సంగం మహిళల పరిశోధన

కొర్ర బియ్యం ఇవాళ సూపర్ మార్కెట్ సరుకు. ఈ పాత పంటల విత్తనం ఇంకా మిగిలిందంటే అందులో జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళా రైతుల పాత్ర చాలా పెద్దది. వాళ్లను లబ్ధిదారులనే అంటూ వచ్చారు. నేనైతే పరిశోధకులంటాను.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. పేదల ఆకలి తీర్చింది, సందేహం లేదు. కానీ ఎర్రనేలల్లో జొన్న వేసే అవసరం తగ్గి చాలా చెలకలు పడావు పడ్డాయి. జొన్నతో కలిపి వేసే కంది, అనుములు తగ్గాయి, పశువులకు సొప్ప కరువైంది. అదే ఏడాది జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మొదలైంది. పి.వి. సతీష్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు.

ఆ సంస్థ అండతో ఊరూరా ఏర్పడ్డ మహిళా సంగాలు 1990ల మధ్య నుంచి పడావు భూముల్లో మళ్లీ జొన్న పండించి, ఊళ్లోనే నిల్వ చేసి, పేద ఇళ్లకు చవకగా ఇచ్చాయి. విత్తనాల సంగతి మరీ ముచ్చట. మట్టి, పేడ అలికిన బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి దాస్తారు. ఏ నేలకు ఏది సరిపోతుందో, వాన ఆలస్యమైతే ఏది నిలబడుతుందో వాళ్లకు నోటిమీదే లెక్క.

2001 జూన్ చివర్లో ఈ ప్రాంతంలోనే ‘ప్రజాతీర్పు’ జరిగింది. వ్యవసాయం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్న విజన్ 2020 (అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రణాళిక) ఆలోచనను విచారించడానికి 19 మంది జ్యూరీగా కూర్చున్నారు. ఎక్కువ మంది చిన్న రైతులు, అందులోనూ మహిళలే ఎక్కువ. శాస్త్రవేత్తల, అధికారుల వాదనలు విని, ప్రశ్నలు వేసి, జన్యుమార్పిడి పంటలు వద్దన్నారు. వనరుల మీద పెత్తనం ఊరి చేతిలోనే ఉండాలన్నారు. అప్పట్లో రాష్ట్రానికి సాయం చేస్తున్న బ్రిటన్ ప్రభుత్వ విభాగం ఆ తీర్పు మీద వచ్చిన నివేదికపైనే అభ్యంతరం చెప్పింది. చదువురాని వాళ్ల మాటకు అంత కదలిక వచ్చిందంటేనే దాని బరువు తెలుస్తుంది.

2002లో జన్యుమార్పిడి రకమైన బీటీ పత్తికి అనుమతి వచ్చాక ఈ సంగాల మహిళలే కెమెరాలు పట్టుకుని వరంగల్ రైతుల అనుభవాలను నమోదు చేశారు. 2008లో మాచనూర్‌లో సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ అందుకున్నారు.

ప్రజాపంపిణీలో జొన్న, కొర్ర కూడా ఉండాలన్నది వాళ్ల పాత డిమాండే. 2013 ఆహార భద్రతా చట్టం ముతక ధాన్యాలను కిలో రూపాయికి ఇవ్వవచ్చంది. తెలంగాణ రేషన్ షాపులో నేటికీ ప్రధానంగా దొరికేది బియ్యమే.