పొగగొట్టం కింద మాల్: లోయర్ పరేల్ మిల్లు భూముల నేపథ్యం

ముంబయి లోయర్ పరేల్‌లోని హై స్ట్రీట్ ఫీనిక్స్, దానితో కలిసే ఉన్న పల్లాడియం మాల్ (ఇప్పుడు రెండూ కలిపి ఫీనిక్స్ పల్లాడియం) విదేశీ బ్రాండ్ల దుస్తులకూ ఖరీదైన రెస్టారెంట్లకూ పేరు పొందాయి. ఆ ఆవరణలో 1905లో ఏర్పడిన ఫీనిక్స్ బట్టల మిల్లు పొగగొట్టం ఇంకా నిలిచే ఉంది. నూలు వడకడం ఏనాడో మానేసినా కంపెనీ పేరు మాత్రం నేటికీ ఫీనిక్స్ మిల్స్ లిమిటెడే. మిల్లు మాల్‌గా మారిన ఈ ఉదంతాన్ని వ్యాపార చాతుర్యంగా చెప్పుకోవడం పరిపాటి. అయితే నగరం నడిబొడ్డున ఉన్న ఇలాంటి భూములకు దారి తెరిచింది ప్రధానంగా ఒక నిబంధన, పదేళ్ల తర్వాత దానికి జరిగిన సవరణ.

1854లో కావస్‌జీ నానాభాయ్ దావర్ తొలి మిల్లుకు శ్రీకారం చుట్టాక పరేల్, లాల్‌బాగ్, వర్లీ ప్రాంతాలు క్రమంగా ‘గిరణ్‌గావ్’, అంటే మిల్లుల ఊరు అయ్యాయి. కొంకణ్, సతారా వైపు నుంచి వచ్చిన మరాఠీ కార్మికులతో పాటు తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు కూడా అక్కడి చాల్‌లలో (వరుస గదుల అద్దె ఇళ్లలో), ఒక్కో గదిలో పలువురు సర్దుకుంటూ, షిఫ్టుల లెక్కన బతికారు. (కామాఠీపురకు ఆ పేరు వచ్చింది కూడా నిజాం ప్రాంతం నుంచి వెళ్లిన కూలీల వల్లనే.)

1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మెకు లాంఛనమైన ముగింపంటూ లేదు. మిల్లులకు అప్పటికే మరమగ్గాల పోటీ ఉంది, యంత్రాలు పాతబడ్డాయి. సమ్మె తర్వాత చాలా మిల్లులు కోలుకోలేదు. కార్మికుల్లో కొందరు భివండీ మరమగ్గాలకు మళ్లారు, మరికొందరు సొంత ఊళ్లకు తిరిగి వెళ్లారు. బట్ట కంటే భూమి విలువైనదని యజమానులకు అర్థమైంది ఈ దశలోనే.

పరిశ్రమకు కేటాయించిన ఆ భూమిని వేరే అవసరాలకు వాడేందుకు 1991 నాటి అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లోని 58వ నిబంధన వీలు కల్పించింది. దాని ప్రకారం స్థలంలో మూడో వంతు ఉద్యానాలు, మైదానాల కోసం నగరపాలక సంస్థకు, మరో మూడో వంతు ప్రజాగృహాల కోసం మ్హాడాకు (రాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థకు) చెందాలి, మిగిలినది యజమానిది. మిల్లు భూములన్నీ కలిపి దాదాపు 600 ఎకరాలు కాబట్టి, ఈ పంపకం అక్షరాలా జరిగి ఉంటే నగరానికి 200 ఎకరాల ఖాళీ జాగా దక్కేది. 1996లో వాస్తుశిల్పి చార్లెస్ కొరియా అధ్యక్షతన ఏర్పడిన కమిటీ ఈ భూములను విడివిడి ముక్కలుగా కాక ఒకే ప్రణాళికగా చూడాలని సూచించినా ఆ సలహా అమలు కాలేదు. 2001లో సవరణ వచ్చింది: పంపకం అప్పటికే ఖాళీగా ఉన్న నేలకే వర్తిస్తుందనీ, షెడ్లు కూల్చగా ఖాళీ అయ్యే నేల లెక్కలోకి రాదనీ. మిల్లంటేనే నేలంతా పరుచుకున్న షెడ్లు కనుక ప్రజల వాటా గణనీయంగా కుంచించుకుపోయింది. నా దృష్టిలో అసలు మలుపు సమ్మె కాదు, ఈ సవరణే.

ఫీనిక్స్ ఆవరణలో మార్పు అంతకుముందే మొదలైంది. 1990ల చివర బౌలింగ్ కేంద్రం, ఆ తర్వాత మధ్యతరగతి కొనుగోలుదారుల కోసం బిగ్ బజార్, 2000ల దశాబ్దం ముగిసేనాటికి విలాసవంతమైన పల్లాడియం వచ్చాయి.

సవరణను బాంబే ఎన్విరాన్‌మెంటల్ యాక్షన్ గ్రూప్ సవాలు చేయగా, 2005లో బాంబే హైకోర్టు ఆ సంస్థకు అనుకూలంగా తీర్పిచ్చింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఆ తర్వాత ఆకాశహర్మ్యాలు, కార్యాలయాలు వేగంగా లేచినా రోడ్లు, రైల్వే వంతెనలు మిల్లుల నాటివే మిగిలాయి. 2017 సెప్టెంబరు 29న పక్కనే ఉన్న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ పాదచారుల వంతెనపై తొక్కిసలాటలో 23 మంది మరణించారు.

మాజీ మిల్లు కార్మికులకూ వారి వారసులకూ ఇళ్లిచ్చే పథకానికి లక్షకు పైగా దరఖాస్తులు రాగా, 2012లో మ్హాడా లాటరీలో దక్కినవి 7 వేలలోపే. ఆ తర్వాత కేటాయించిన వాటిలో కొన్ని పరేల్‌కు ఎంతో దూరాన, పన్వేల్ దగ్గర ఉన్నాయి.