అంగస్తంభన ఇంజెక్షన్: నాలుగు గంటలు దాటితే ఇంట్లో ఆగకూడదు

అంగస్తంభన లోపానికి నేరుగా అంగంలోకి చేసే ఇంజెక్షన్ గురించి ఒంగోలులో నా దగ్గరకు వచ్చేవారికి ఉన్న భయాలు నాకు అర్థమవుతాయి. తెలిసీ తెలియని మాటలతో ఆ భయాన్ని పెంచేవారిని మాత్రం సహించలేను.

అపోహ: స్తంభన ఎంతసేపు నిలిస్తే మందు అంత బాగా పనిచేసినట్టు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న మాట ఇదే. సరైన డోసుకు స్తంభన గంట అటూఇటూగా తగ్గాలి. నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే అది ప్రయాపిజం. లోపల నిలిచిపోయిన రక్తంలో ఆక్సిజన్ అయిపోయి కండరం దెబ్బతినడం మొదలవుతుంది. వేళకు వస్తే సూదితో ఆ రక్తాన్ని తీసి, బీపీ చూసుకుంటూ రక్తనాళాలను బిగించే ఫినైలెఫ్రిన్ మందు ఇచ్చి చాలామందికి తగ్గించగలం. కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒక పొగాకు రైతు, మొదటి డోసు చాల్లేదనుకుని అదే రాత్రి రెండోది కూడా వేసుకుని, ఇంట్లో కొడుకూ కోడలూ ఉన్నారని తెల్లవార్లూ నొప్పి ఓర్చుకుని, మర్నాడు మధ్యాహ్నానికి వచ్చారు. ఒళ్లో తువ్వాలు పరచుకుని, "ఏమని చెప్పి బయల్దేరమంటారు సార్" అన్నారు. స్తంభనను దించగలిగాం గానీ లోపలి కండరం అప్పటికే గట్టిపడింది. అర్ధరాత్రి అయినా సరే, క్యాజువాలిటీలో "ఇంజెక్షన్ చేసుకున్నాను, నాలుగు గంటలు దాటింది" అంటే చాలు. మందు సీసా వెంట తీసుకెళ్లండి.

అపోహ: మాత్రలు పనిచేయనివారికి ఇదీ పనిచేయదు.

వాస్తవం: మాత్రలకు నరాల సంకేతం అందాలి. ఈ ఇంజెక్షన్‌లోని మందు ఆల్ప్రోస్టాడిల్ రక్తనాళాల కండరాన్నే నేరుగా సడలిస్తుంది కనుక షుగరుతో నరాలు దెబ్బతిన్నవారిలోనూ, ప్రొస్టేట్ ఆపరేషన్ అయినవారిలోనూ ఎక్కువమందికి అయిదు నుంచి ఇరవై నిమిషాల్లో పనిచేస్తుంది. అమెరికాలో దీనికి 1995లోనే అనుమతి వచ్చింది. అయితే ఇది కోరికను పెంచే మందు కాదు.

అలవాటు పడిపోతామన్నది వట్టి మాట. సన్నని సూది కనుక గుచ్చినప్పటి బాధ తక్కువే గానీ మందు వల్ల కొందరికి లోపల సలుపు ఉంటుంది. గుచ్చినచోట కమలకుండా అయిదు నిమిషాలు అదిమి పట్టాలి, రక్తం పలచబడే మందులు వాడేవారు ఇంకాసేపు. ఏళ్ల తరబడి వాడితే లోపల గట్టిపడి అంగం వంకర తిరగవచ్చు కాబట్టి ప్రతిసారీ గుచ్చే పక్కను మార్చాలి, వారానికి మూడుసార్లు మించకూడదు, ఒకదానికొకటి ఇరవై నాలుగు గంటల ఎడం ఉండాలి. మొదటి డోసు డాక్టరు ఎదుటే తీసుకోవాలి. గుండెకు నైట్రేట్ మాత్రలు వాడేవారికి స్తంభన మాత్రలు నిషిద్ధం. ఇంజెక్షన్‌కు ఆ నిషేధం లేదు గానీ, సంభోగ శ్రమను గుండె తట్టుకుంటుందో లేదో ముందుగా గుండె డాక్టరును అడగాలి.