లేబుల్ మీద పేరుంది, చేతికి పైసా రాలేదు

ఎల్విస్ ప్రెస్లీ మొట్టమొదటి రికార్డు సన్ కంపెనీ 209వ నంబరు డిస్కు. 1954 జులైలో మెంఫిస్‌లో విడుదలైంది. పసుపు రంగు లేబుల్, దాని మీద కోడిపుంజు బొమ్మ. పాట ‘దట్స్ ఆల్ రైట్’. ఆ పేరు కిందే బ్రాకెట్లో చిన్న అక్షరాలతో ఇంకో పేరు, ఆ పాట కట్టిన నల్ల గాయకుడిది: ఆర్థర్ క్రూడప్.

రాక్ అండ్ రోల్ గురించి ఎక్కడ మాట వచ్చినా, తెల్ల కుర్రాడు నల్లవాళ్ల పాట కొట్టేసి కోట్లు గడించాడని ఎవరో ఒకరు అంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ క్రూడప్ పేరును ఎవరూ దాచలేదు. 1956లో ఎల్విస్ షార్లెట్‌లో పత్రికవాళ్లతో మాట్లాడుతూ, సొంతూరు టుపెలోలో ఉన్నప్పుడు ఆర్థర్ క్రూడప్ గిటారు వాయిస్తుంటే వినేవాడినని, ఆయన పలికించిన బాధంతా తనూ పలికించగలిగితే ఇంకేం కావాలనుకున్నానని చెప్పాడు కూడా. తేడా వచ్చింది డబ్బు దగ్గర. అదీ ఎల్విస్ స్టూడియో గడప తొక్కడానికి చాలా ఏళ్ల ముందు క్రూడప్ పెట్టిన సంతకంతో.

క్రూడప్ 1905లో మిసిసిపీ రాష్ట్రం ఫారెస్ట్ అనే ఊళ్లో పుట్టాడు. నల్లవాళ్లు ఎక్కువమంది తెల్ల భూస్వాముల పొలాలు పాలుకు చేస్తూ, వాళ్ల లెక్కల పుస్తకంలో అప్పు ఎంత రాస్తే అంత ఒప్పుకుంటూ బతికిన కాలం. క్రూడప్‌ది కూలి బతుకు. గిటారు పట్టేటప్పటికే ముప్పై దాటాయి. వాయిద్యంలో గొప్పవాడేం కాదు, తెలిసిన కార్డ్స్ (కలిపి మీటే స్వరాలు) నాలుగైదు. ఆయన బలమంతా గొంతులోనూ, పాట కట్టడంలోనూ ఉంది. సన్నగా, ఎత్తుగా సాగే ఆ గొంతు వెనక గిటారు పెద్దగా ముచ్చట్లు చెప్పదు, తోసుకుంటూ పోతుంది అంతే. నన్నడిగితే ఆ తోపే అసలు విశేషం.

1940 ప్రాంతంలో ఒక సువార్త పాటల బృందంతో షికాగో చేరాడు. అక్కడ దిక్కు లేక లోకల్ రైలు వంతెన కింద సరుకులొచ్చే పెద్ద చెక్కపెట్టెలో పడుకుంటూ, వీధిలో పాడి చిల్లర సంపాదించుకునేవాడు. లెస్టర్ మెల్‌రోజ్ కంటపడింది ఆ రోజుల్లోనే. ఆర్‌సీఏ విక్టర్ అనే రికార్డు కంపెనీ వాళ్ల బ్లూబర్డ్ లేబుల్‌కు బ్లూస్ (నల్లవాళ్ల బాధల పాటలు) కళాకారులను వెతికి తెచ్చేది ఆయనే. క్రూడప్‌ను బ్లూస్ గాయకుడు టాంపా రెడ్ ఇంట్లో పార్టీకి తీసుకెళ్లి, బిగ్ బిల్ బ్రూన్జీ లాంటి ఉద్దండుల ముందు పాడించాడు. 1941లో మొదటి రికార్డింగ్ అయింది.

మెల్‌రోజ్‌కు వాబాష్ మ్యూజిక్ అని సొంత పబ్లిషింగ్ కంపెనీ ఉండేది. తాను రికార్డు చేయించిన వాళ్ల పాటల హక్కులు అందులోకి వెళ్లేవి. అప్పుడు అమల్లో ఉన్న 1909 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఒక పాటను ఎవరైనా రికార్డు చేసి అమ్మితే డిస్కుకు 2 సెంట్లు కట్టాలి. ఆ 2 సెంట్లు ముందు వెళ్లేది పబ్లిషర్‌కు. మామూలు ఒప్పందంలో ఆయన సగం ఉంచుకుని సగం రచయితకిస్తాడు. ఇస్తే అందుతుంది. ఇవ్వకపోతే, ఎన్ని డిస్కులు అమ్ముడయ్యాయో మిసిసిపీలో పత్తి తీసుకునే మనిషికి తెలిసే దారేది?

క్రూడప్ ‘దట్స్ ఆల్ రైట్’ను 1946 సెప్టెంబర్‌లో షికాగోలో పాడాడు. ర్యాన్సమ్ నోలింగ్ బేస్, జడ్జ్ రైలీ డ్రమ్స్, తను గిటారు, అంతే బృందం. 1949లో ఆర్‌సీఏ కొత్తగా నిమిషానికి 45 చుట్లు తిరిగే డిస్కులు తెచ్చి సంగీతాన్ని బట్టి రంగులు వేసినప్పుడు, నల్లవాళ్ల సంగీతానికి కేటాయించిన నారింజ ఎరుపు వరసలో మొట్టమొదటి నంబరు దక్కింది ఈ పాటకే. కంపెనీకి అంత కావలసిన మనిషి రికార్డింగ్‌కీ రికార్డింగ్‌కీ మధ్య మళ్లీ కూలికే వెళ్లేవాడు. 1950ల మధ్యకొచ్చేసరికి విసుగెత్తి ఆర్‌సీఏకు పాడటం మానేశాడు.

సరిగ్గా అప్పుడే ఆ పాటలకు రెక్కలొచ్చాయి. 1956లో ఎల్విస్ ‘మై బేబీ లెఫ్ట్ మీ’, ‘సో గ్లాడ్ యూ ఆర్ మైన్’ కూడా పాడాడు. మొదటిది ఒక పెద్ద హిట్ పాటకు వెనక వైపు వచ్చింది. జనం కొన్నది ముందు వైపు పాట కోసమే అయినా డిస్కు ఒకటే కదా, వెనక పాటకూ అంతే రాయల్టీ. ఆ డిస్కు లక్షల్లో అమ్ముడైంది. క్రూడప్ అప్పటికి వర్జీనియాలో, సముద్రపు ఒడ్డున ఫ్రాంక్‌టౌన్ చుట్టుపక్కల పొలం పనులు చేసుకుంటూ, పనివాళ్లను ఫ్లోరిడా నుంచి చేలకు తోలుకొస్తూ, కాస్త దొంగసారా అమ్ముకుంటూ బతుకుతున్నాడు.

1960ల చివర్లో పాత బ్లూస్ మీద తెల్ల కుర్రకారుకు మోజు పుట్టాక, డిక్ వాటర్‌మన్ ఆయనకు మేనేజర్ అయ్యాడు. కచేరీలు కుదిర్చాడు, పాట రచయితల సంఘం ద్వారా బాకీ వెతకడం మొదలుపెట్టాడు. పబ్లిషింగ్ హక్కులు అప్పటికి హిల్ అండ్ రేంజ్ అనే పబ్లిషింగ్ కంపెనీ చేతిలో ఉన్నాయి. బేరాలన్నీ అయ్యాక 1971లో 60,000 డాలర్లకు ఒప్పందం కుదిరింది. క్రూడప్ పిల్లలను వెంటబెట్టుకుని వర్జీనియా నుంచి న్యూయార్క్ వచ్చాడు. తండ్రీపిల్లలు వరసగా సంతకాలు పెట్టారు. లాయరు కాగితాలు తీసుకుని కంపెనీ అధిపతి సంతకం కోసం వెళ్లాడు.

చాలాసేపు కూర్చున్నారు. లాయరు పాలిపోయిన మొహంతో తిరిగొచ్చాడు. కోర్టుకెళ్లి ఓడిపోయినా ఇంత కట్టక్కర్లేదని ఆ అధిపతి సంతకం పెట్టనన్నాడట. వాటర్‌మన్ తర్వాత చెప్పిన ప్రకారం, నువ్వు చేయగలిగింది చేశావని క్రూడప్ తననే ఓదార్చాడు. వచ్చినప్పుడు ఒంటి మీద ఏమీ లేదు, పోయేటప్పుడూ ఉండదన్నాడు. చివరి రోజుల్లో గాయని బానీ రైట్ కచేరీల్లో ఆమె కంటే ముందు పాడుతూ, 1974 మార్చి 28న వర్జీనియాలోని నాసావాడాక్స్ ఆసుపత్రిలో కన్నుమూశాడు.

ఆ తర్వాత హిల్ అండ్ రేంజ్ తన పాటలను చాపెల్ కంపెనీకి అమ్మడానికి సిద్ధమైంది. కొనేవాళ్లకు తగాదాలో ఉన్న సరుకు అక్కర్లేదు. వాటర్‌మన్ ఆ సంగతి పట్టుకుని మళ్లీ కదిపాడు. ఈసారి ఒప్పందం కుదిరింది. పిల్లలకు అందిన మొదటి చెక్కే 2,48,000 డాలర్లు.