పెరగని జుట్టు కాదు, తెగిపోయే జుట్టు

"ఆఫ్రికా వాళ్ల జుట్టు పెరగదు కదా" అనే మాట మనవాళ్ల నోట చాలాసార్లు విన్నాను. ఏళ్ల తరబడి అమెరికాలో ఉంటూ, పక్కింట్లో, ఆఫీసులో, పిల్లల స్కూల్లో నల్లజాతి వాళ్లని రోజూ చూస్తున్న తెలుగువాళ్లు కూడా అనేస్తుంటారు. ఇంకా బాధ కలిగించేది ఏంటంటే, ఆ జుట్టుతో పుట్టిన ఆడపిల్లలు కూడా చాలామంది చిన్నప్పటి నుంచి ఇదే మాట విని, ఇదే నిజమని నమ్మి పెరుగుతారు. నిజం కాదు. ఆ జుట్టు పెరుగుతుంది, కాకపోతే పెరిగినంతా నిలవదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే, బిగుతు రింగుల జుట్టుని ఎలా చూసుకోవాలో చెప్పే సలహాల్లో ఏది పనికొస్తుందో, ఏది ఉత్తి ప్రచారమో మనమే తేల్చుకోవచ్చు.

ముందు లెక్క చూద్దాం. 2001లో ఫ్రాన్స్ పరిశోధకురాలు జెనెవీవ్ లూసార్న్ ఆఫ్రికన్ మూలాలున్న యువతీయువకుల్లో వెంట్రుక రోజుకి ఎంత పెరుగుతుందో కొలిచారు. సగటున 256 మైక్రోమీటర్లు. యూరప్ మూలాల వాళ్లలో అది 396. అంటే వీళ్లకి నెలకి ముప్పావు సెంటీమీటరు, వాళ్లకి 1.2 సెంటీమీటర్లు. పెరుగుదల నెమ్మదే, కానీ ఆగిపోయిందేమీ లేదు. ఏడాదికి 9 సెంటీమీటర్ల చొప్పున ఒక వెంట్రుక రాలిపోకుండా ఐదేళ్లు ఉంటే 45 సెంటీమీటర్లు, సాగదీస్తే భుజాలు దాటి వీపు మీదికి రావాలి. మరి కనిపించదేం? కొంత భాగం ముడుచుకుని ఉంటుంది. తడి ఆరగానే ఈ జుట్టు పొడవులో సగానికి పైగా, కొందరిలో ముప్పావు వంతు దాకా రింగుల్లోకి వెళ్లిపోతుంది. దాన్నే వాళ్లు ష్రింకేజ్ అంటారు. మిగతా భాగం తెగిపోయింది.

తెగిపోవడం మామూలుగా కాదు. దక్షిణాఫ్రికా చర్మవైద్యురాలు నాన్‌లాన్‌లా ఖుమాలో, 2000లో తన సహచరులతో కలిసి, ఏ కెమికల్సూ తగలని ఆఫ్రికన్ జుట్టుని మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. మిగతావాళ్ల వెంట్రుకల్లో వెయ్యికి ఒకటో రెండో ముడిపడి కనిపిస్తే, వీటిలో పది శాతానికి పైగా ముడులే. రెండు వెంట్రుకలు చిక్కుపడటం కాదు ఇది, ఒకే వెంట్రుక తన చుట్టూ తానే తిరిగి ముడి వేసుకోవడం. కొసలు కూడా చాలావరకు సహజంగా సన్నబడినవి కావు, విరిగినవి. అంటే దువ్వుకుంటున్నప్పుడు ఊడి చేతికొచ్చే చిన్న చిన్న తునకలు జుట్టు రాలడం కాదు, విరగడం. కుదురుతో సహా ఊడిన వెంట్రుకకి ఒక చివర చిన్న తెల్లటి బొడిపె ఉంటుంది, విరిగినదానికి ఉండదు. ఈసారి దువ్వెనలో చిక్కిన వెంట్రుకని వెలుతురులో పట్టుకుని చూడండి, ఏ జుట్టుకైనా పనికొచ్చే పరీక్షే.

ఎందుకు విరుగుతుందంటే ఆకారం వల్ల. వెంట్రుక దేనితో తయారైందన్నది చూస్తే పెద్ద తేడా ఏమీ లేదు, మన జుట్టులో ఉన్న కెరటినే వాళ్ల జుట్టులోనూ ఉంది, అమైనో ఆమ్లాలు కూడా దాదాపు అవే. తేడా కుదురు దగ్గరే మొదలవుతుంది. మన తలలో కుదురు దాదాపు నిటారుగా ఉంటే, వాళ్ల తలలో అది చర్మం లోపలే వంగి ఉంటుంది, అందులోంచి వచ్చే వెంట్రుక కూడా వంపుతోనే బయటికి వస్తుంది. దాన్ని అడ్డంగా కోస్తే గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా నొక్కుకుపోయి కనిపిస్తుంది, పైగా పొడవునా అక్కడక్కడా మెలితిరుగుతుంది. నీళ్ల పైపు ఎక్కడ మెలిపడితే అక్కడే ముందు పగులుతుంది చూశారా, ఇదీ అంతే. ప్రతి మెలికా ఒక బలహీనమైన చోటు. వెంట్రుకని కప్పి ఉంచే పైపొర పొలుసులు అక్కడ లేచి ఉంటాయి, దువ్వెన లాగిన బలమంతా అక్కడే పడుతుంది.

పొడిబారడానికీ ఆ వంపే కారణం. మాడు మీద ఊరే సహజమైన నూనె తిన్నటి వెంట్రుక మీద దానంతటదే కొస దాకా జారుతుంది, అందుకే మనం నాలుగు రోజులు తలస్నానం చేయకపోతే జుట్టంతా జిడ్డోడుతుంది. ఈ జుట్టులో ఆ నూనె మొదటి రెండు మూడు చుట్లు దాటి వెళ్లలేదు. మాడు జిడ్డుగా, కొసలు గడ్డిలా ఉండే పరిస్థితి. అందుకే రెండు రోజులకోసారి షాంపూ పెట్టమనే సలహా వీళ్లకి పనికిరాదు. వారానికి ఒకసారి లేదా రెండు వారాలకి ఒకసారి తలస్నానం చేయమని, చేసిన ప్రతిసారీ కండిషనర్ వాడమని అమెరికన్ చర్మవైద్యుల అకాడమీ చెబుతుంది. అలాగని నెలల తరబడి కడగకుండా వదిలేయడం కూడా కుదరదు, చుండ్రు, దురద మొదలవుతాయి. వందేళ్ల క్రితం అమెరికాలో నల్లజాతి ఆడవాళ్ల జుట్టుకి కావలసినవి తయారుచేసి పేరు తెచ్చుకున్న వ్యాపారి మేడమ్ సి.జె. వాకర్ అమ్మింది కూడా ప్రధానంగా గంధకం కలిపిన తలపూతే, దాంతోపాటు తలని తరచూ శుభ్రం చేసుకోమని చెప్పేవారు. జుట్టుని తిన్నగా చేసే వేడి దువ్వెన కనిపెట్టింది ఆవిడే అని చాలాచోట్ల రాస్తుంటారు, అది నిజం కాదు.

ఇన్ని కష్టాలు చెప్పాను కాబట్టి ఈ జుట్టు లోపంతో పుట్టిందని ఎవరికైనా అనిపిస్తే, 2023లో వచ్చిన ఒక ప్రయోగం గురించి తప్పకుండా చెప్పాలి. టీనా లసీసీ, నీనా జబ్లాన్‌స్కీ, మరికొందరు కలిసి, ఒంటి వేడిని అనుకరించే బొమ్మ తలకి మూడు రకాల విగ్గులు తొడిగారు: తిన్నటిది, కాస్త రింగులున్నది, బిగుతు రింగులది. పైనుంచి ఎండలాంటి వెలుగు పెట్టి తలకి ఎంత వేడి చేరుతుందో కొలిచారు. ఏ జుట్టు అయినా బోడితల కంటే నయమే, కానీ బిగుతు రింగులదే అందరికంటే బాగా ఎండని ఆపింది, తల చల్లబడటానికి పట్టాల్సిన చెమటా దానికే తక్కువ. రింగుల మధ్య గాలి నిలిచి, వెలుగు మాడు దాకా చేరకుండా పైపైనే ఆగిపోతుంది. భూమధ్యరేఖ దగ్గర నిటారుగా నడుస్తూ, నడినెత్తిన ఎండ మోస్తూ, మెదడు పెద్దదవుతున్న మనిషికి ఇది ఎంత పెద్ద రక్షణో ఆలోచించండి. మన పూర్వీకులందరూ బయల్దేరింది ఆఫ్రికా నుంచే.

ఇక అసలు పని, వాళ్లు వాష్ డే అనే రోజు. మధ్యాహ్నమంతా పట్టినా పట్టొచ్చు. జుట్టుని ముందు నాలుగు నుంచి ఎనిమిది పాయలుగా విడదీసి ఒక్కొక్కదాన్నీ వదులుగా మెలేసి క్లిప్ పెడతారు. ఒక పాయ విప్పి, నీళ్లు చల్లి, అరచేతి నిండా కండిషనర్ తీసుకుని, వేళ్లతో పట్టించి, వేళ్లతోనే చిక్కు తీయడం మొదలుపెడతారు. తడవగానే వెంట్రుకలో ఒక రకం బంధాలు, హైడ్రోజన్ బంధాలు, తాత్కాలికంగా విడిపోతాయి, రింగు సాగుతుంది, కండిషనర్ జారుడు తోడవుతుంది, అప్పుడు ముడి దానంతటదే వదులవుతుంది. తిన్నటి జుట్టుని తడిగా ఉన్నప్పుడు దువ్వొద్దని మన ఇళ్లలో చెప్పేది సరైన మాటే, తడి వెంట్రుక సాగి తెగుతుంది కాబట్టి. కానీ ఇక్కడ లెక్క తిరగబడుతుంది, పొడిగా దువ్వితే ముడి మీద పడే బలం ఆ సాగుడు కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. పళ్లు బాగా దూరంగా ఉన్న దువ్వెనతో, కొసల నుంచి మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పైకి వెళ్లాలి. పైన కుదుళ్ల దగ్గర దువ్వెన పెట్టి కిందికి లాగారా, దారిలో ఉన్న చిక్కులన్నీ ఒకచోటికి చేరి ముద్దవుతాయి. అప్పుడు ఏడుస్తున్న పిల్లని గట్టిగా పట్టుకుని లాగడమే మిగులుతుంది, ఆ పిల్లకి తన జుట్టంటే భయం పుట్టేది అక్కడే.

నూనె విషయంలో మనకీ వాళ్లకీ ఒకే అలవాటు, ఒకే అపోహ. నూనె జుట్టుకి తేమ ఇవ్వదు, ఉన్న తేమ పోకుండా చూస్తుంది. అందుకే ముందు నీళ్లు, ఆ పైన నూనె, ఆ పైన చిక్కటి క్రీము లేదా పశ్చిమ ఆఫ్రికా షియా వెన్న. ఈ వరుస కొందరి జుట్టుకి నచ్చుతుంది, సన్నటి వెంట్రుకలున్నవాళ్లకి బరువైపోతుంది. నూనెల్లో కొబ్బరినూనెకి మాత్రం గట్టి ఆధారం ఉంది. 2003లో ముంబై పరిశోధకులు రేలే, మోహిలే కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ పోల్చి చూస్తే, జుట్టులోంచి ప్రోటీన్ పోకుండా ఆపింది కొబ్బరినూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లం అణువు చిన్నది, తిన్ననిది, వెంట్రుక లోపలికి దూరగలదు. అదీ తలస్నానానికి ముందు రాసుకుంటే ఎక్కువ మేలు. మాడు మీద పొలుసులూ దురదా ఉన్నవాళ్లు మాత్రం నూనె మాడుకి కాకుండా వెంట్రుకలకే రాసుకోవాలి, చుండ్రు కలిగించే ఫంగస్‌కి ఆ నూనెలే తిండి. రాత్రి పడుకునేటప్పుడు శాటిన్ టోపీ పెట్టుకోవడం ఫ్యాషన్ అనుకోకండి, నూలు గలేబుకి రాసుకుని విరిగేదాన్ని తగ్గించడానికి అది.

జుట్టుని కొసలతో సహా లోపలికి సర్దేసి కొన్ని వారాలు కదపకుండా ఉంచే జడలు, మెలికలు, కార్న్‌రోలు (మాడుకి అంటిపెట్టుకుని వరసలుగా అల్లే సన్న జడలు) మంచివే. వాటి పేరే ప్రొటెక్టివ్ స్టైల్. చేటు చేసేది బిగుతు. అల్లిన రోజు రాత్రి నొప్పికి నిద్ర పట్టకపోయినా, నుదుటి అంచున చిన్న చిన్న పొక్కులు వచ్చినా, అందంగా ఉండాలంటే ఓర్చుకోవాలని చెబుతారు చూడండి, అది విని ఊరుకోకూడదు, అదే రోజు విప్పించాలి. ఏళ్ల తరబడి లాగితే కుదుళ్లు మచ్చకట్టి మూసుకుపోతాయి, ఇక తిరిగి రావు. కేప్‌టౌన్‌లో ఖుమాలో బృందం పరీక్షించిన పెద్దవాళ్లలో దాదాపు మూడో వంతు ఆడవాళ్లకి ఈ లాగుడు బట్టతల కనిపించింది. ఇది వాళ్ల జుట్టుకే వచ్చే జబ్బు కాదు. 1907లో దీన్ని మొదట రాసింది గ్రీన్‌లాండ్ ఆడవాళ్ల గురించి, అక్కడివాళ్లు తిన్నటి జుట్టుని నడినెత్తిన బిగించి కట్టేవాళ్లు. మన తిరుమలకి కూడా ఇందులో చోటుంది. కల్యాణకట్టలో సమర్పించిన తలనీలాలు వేలంలో అమ్ముడై, శుభ్రమై, విగ్గులుగా, సవరాలుగా విదేశాలకి వెళ్తాయి. ఇలాంటి సవరాలని బిగుతుగా అల్లిన జడల మీద సూది దారంతో కుట్టించుకునేవాళ్లలో నల్లజాతి ఆడవాళ్లు చాలామంది. కొనేటప్పుడు నాణ్యత చూస్తారు, అల్లించుకునేటప్పుడు కింద ఉన్న సొంత జుట్టు ఎంత బరువు మోయగలదో కూడా చూడాలి.

రిలాక్సర్ గురించి నేను మెత్తగా చెప్పలేను. రింగుల జుట్టుని శాశ్వతంగా తిన్నగా చేసే ఆ క్రీముల్లో పాతవి సోడియం హైడ్రాక్సైడ్ ఉన్నవి, అంటే కాస్టిక్ సోడా, పీహెచ్ 12 నుంచి 14, చాలా ఘాటైన క్షారం. వెంట్రుక ఆకారాన్ని నిలబెట్టే గంధకపు బంధాలని అవి తెంచేస్తాయి, మళ్లీ అతుక్కోవు. మాడు కాలడం మామూలే. 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33,947 మంది ఆడవాళ్లని దాదాపు 11 ఏళ్లు గమనించిన వివరాలు ప్రచురించారు. జుట్టుని తిన్నగా చేసే ఇలాంటి మందులు ఎప్పుడూ వాడనివాళ్లలో 70 ఏళ్లు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం అని అంచనా వేస్తే, ఏడాదికి నాలుగు సార్లకి మించి వాడేవాళ్లలో అది 4.05 శాతం. అదే కారణమని ఈ ఒక్క అధ్యయనం రుజువు చేయదు, కానీ పట్టించుకోకుండా వదిలేసే తేడా కూడా కాదు. మన ఊళ్లలో పార్లర్ల వాళ్లు చేసే స్మూతెనింగ్, కెరటిన్ ట్రీట్‌మెంట్ల మందులు వేరు, కానీ అవీ సాధువులేం కావు. ఇజ్రాయెల్ డాక్టర్లు 2023లో అలాంటి ట్రీట్‌మెంట్ తర్వాత కిడ్నీలు దెబ్బతిన్న 26 మంది గురించి రాశారు.

మరి ఎందుకు వాడతారంటే, తిన్నటి జుట్టు లేకపోతే బతకనివ్వని రోజులు ఉన్నాయి కాబట్టి. వర్ణవివక్ష కాలంలో దక్షిణాఫ్రికాలో మనిషి జాతి తేల్చడానికి జుట్టులో పెన్సిల్ గుచ్చి అది జారి పడుతుందా, ఇరుక్కుంటుందా అని చూసేవాళ్లు. ఆ పరీక్ష పోయినా చూపు పోలేదు, 2016లో ప్రిటోరియాలో ఒక స్కూల్ ఆడపిల్లలు తమ జుట్టు మీద పెట్టిన నిబంధనలకి ఎదురు తిరగాల్సి వచ్చింది. జుట్టు తీరు చూసి ఉద్యోగం, చదువు నిరాకరించకూడదని అమెరికాలో మొదట చట్టం చేసిన రాష్ట్రం కాలిఫోర్నియా, అదీ 2019లో. ఆఫ్రికా వాళ్లు మనకీ కొత్త కాదు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేటకి ఆ పేరు తెచ్చింది నిజాం దగ్గర పనిచేసిన ఆఫ్రికా ఆశ్విక దళం, వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. మన యూనివర్సిటీల్లో ఆఫ్రికా దేశాల విద్యార్థులూ ఉన్నారు. అడక్కుండా వాళ్ల జుట్టు మీద చెయ్యి వేయడం మానేస్తే చాలు, మనం చేయగలిగినంత చేసినట్టే.

చివరగా ఒక జబ్బు గురించి, ఎందుకంటే దీన్ని గుర్తించడంలో ఆలస్యమవుతుంది. నడినెత్తిన పలచబడటం మొదలై గుండ్రంగా చుట్టూ పాకే మచ్చల బట్టతల ఒకటి ఉంది, ఎక్కువగా ఆఫ్రికన్ మూలాల ఆడవాళ్లలో. దశాబ్దాల పాటు దీన్ని వేడి దువ్వెన బట్టతల అని పిలిచి, తప్పంతా ఆ ఆడవాళ్ల అలంకరణ మీదికే నెట్టేశారు. 2019లో 58 మంది రోగుల జన్యువులు చూస్తే 14 మందిలో పీఏడీఐ3 అనే జన్యువులో మార్పులు దొరికాయి, వెంట్రుకకి ఆకారం ఇచ్చే ప్రోటీన్లని మార్చి సిద్ధం చేయడంలో ఆ జన్యువుకి పాత్ర ఉంది. కాబట్టి నడినెత్తిన మంట, నొప్పి, పాపిట వెడల్పవుతున్నట్టు అనిపించడం ఉంటే నూనె మార్చి చూద్దామని ఆగకండి. కుదుళ్లు మూసుకుపోకముందే చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లి, మచ్చ కట్టే రకమేమో చూడమని, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపమని మీరే అడగండి.