చేలగట్టు మీద అడుగు పెట్టేముందు

చిరంజీవులకు ఆశీస్సులు.

సంక్రాంతికి కోనసీమ వస్తున్నారని తెలిసి సంతోషించాను. రావులపాలెం దగ్గర గోదావరి వంతెన దిగగానే కారు ఆపించి ఫోటోలు తీసుకుంటారు. తీసుకోండి. అయితే ఒక్కమాట. జనవరిలో ఇక్కడ వానలుండవు. అయినా మడుల నిండా నీళ్లుంటాయి. ఆ నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయో, ఎటు పోతాయో కనిపెట్టడం వస్తే ఊరంతా మీకు అర్థమవుతుంది. అది తెలియకపోతే చూసేది పచ్చరంగు ఒక్కటే.

కోనసీమకు ఒకపక్క గౌతమి, ఇంకోపక్క వసిష్ఠ, మధ్యలో చీల్చుకుపోయే వైనతేయ, కింద సముద్రం. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. ఇప్పుడు మీరు చూసేది దాని స్థానంలో తర్వాత కట్టిన బ్యారేజీ. నాలుగు ముక్కలుగా ఉంటుంది, గేట్లు మొత్తం 175. అక్కడ నీటిని ఎత్తులో నిలబెట్టి, బొబ్బర్లంక దగ్గర మన మధ్య డెల్టా కాలువలోకి వదులుతారు. ఆ కాలువ లొల్ల లాకుల (నీటిని ఆపి వదిలే తలుపుల) దగ్గర చీలిపోతుంది. పి.గన్నవరం దగ్గరైతే అక్విడెక్టు, అంటే కాలువకు కట్టిన వంతెన, ఎక్కి వైనతేయను పైనుంచి దాటి అవతలి లంక ఊళ్లకు వెళ్తుంది. కింద ఏరు, పైన కాలువ. కారు ఆపాల్సిన చోటు అసలు అది.

ఈ నీళ్లు తోడితే వచ్చేవి కావు, పల్లానికి పారి వచ్చేవి. అందుకే పంట కాలువను మెరక మీద తవ్వారు, మురుగు కాలువను పల్లంలో. గట్టు మీద నిలబడి చూడండి. కాలువలో నీళ్లు పక్క చేని కంటే ఎత్తున కనిపిస్తే, చాలాచోట్ల అది పంట కాలువ. చేని కంటే కిందుంటే మురుగు కాలువ. కాలువ నుంచి తూము, తూము నుంచి బోదె అనే పిల్ల కాలువ, బోదె నుంచి మడవ (గట్టుకు పెట్టిన గండి) గుండా మడిలోకి నీళ్లు దిగుతాయి. అక్కర్లేని నీరు అటుపక్క నుంచి మురుగులోకి పోతుంది. పర్యాటకులు ఎవరూ మురుగు కాలువను ఫోటో తీయరు గానీ, కోనసీమ రైతు కష్టం సగం అక్కడే ఉంది. గుర్రపుడెక్క అనే నీటి కలుపు అల్లుకున్నా, నీరు సముద్రంలో కలిసే మొగలో ఇసుక మేట వేసినా నీరు వెనక్కి తన్నుతుంది. సార్వా (తొలి పంట) కోతలు సరిగ్గా తుపాన్ల వేళ, అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తాయి. ఆ వాన నీరు లాగకపోతే పనలు, అంటే కోసి పరిచిన వరి, చేలోనే మొలకెత్తుతాయి. అలా తడిసిన పనల మీద లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి చల్లుతారు, మొలక ఆగడానికి. 2011లో ఇక్కడి రైతులు పంట విరామమని చేలు బీడు పెట్టారు. గిట్టుబాటు ధర, కూలీల ఖర్చులతో పాటు ఈ ముంపు బాధ కూడా దానికి కారణమే.

మీరొచ్చేసరికి దాళ్వా (రెండో పంట) ఊడుపులు సాగుతుంటాయి. ఎకరానికి 5 సెంట్ల ఆకుమడి (నారుమడి), 20 నుంచి 25 కిలోల విత్తనం. ఆకు పీకి కట్టలు కట్టి, బురద పదునులో పైపైన నాటుతారు. లోతుగా గుచ్చితే పిలకలు తగ్గుతాయి. నాటిన ఆకు మొదట వాడి పసుపుపచ్చగా పడి ఉంటుంది, చూసి జాలిపడకండి. వారం పది రోజుల్లో కొత్త వేరు పట్టి నిటారుగా లేస్తుంది. దాన్ని మూన తిరగడం అంటారు. పిలకలు వేసేటప్పుడు 2, 3 సెంటీమీటర్ల నీళ్లు చాలు. పొట్టకొచ్చాక 5 ఉండాలి, కోతకు పది రోజుల ముందు తీసేయాలి. వేసవి దగ్గరపడి గోదావరి సన్నబడితే ఎగువన సీలేరు జలాశయాల నుంచి వచ్చే నీళ్లే దిక్కు. అప్పుడు కాలువకు వంతులు పెడతారు.

నాటిన చేలో ప్రతి రెండు మీటర్లకూ జానెడు వెడల్పున, తూర్పు పడమరలుగా ఖాళీ బాట కనిపిస్తుంది. దాన్ని కాలిబాట అంటారు. ఆ పేరు విని మీరు సరదాగా దిగేరు సుమా! రైతు ఎరువు చల్లడానికి, మందు కొట్టడానికి అందులో నడుస్తాడు. కానీ అసలు పని గాలిది. పైరు గుబురుగా కమ్ముకుంటే మొదళ్ల దగ్గర ఎండా గాలీ తగలక చెమ్మ నిలుస్తుంది. సుడిదోమ అనే పురుగుకు కావలసింది అదే. సరిగ్గా నీటికి పైన, దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుంది. పైనుంచి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది, నాలుగు రోజులకు చూస్తే కాల్చినట్టు గుండ్రంగా ఎండిపోతుంది. అందుకే రైతు చేనంతా దూరం నుంచి చూసి ఊరుకోడు, వంగి దుబ్బును చేత్తో విడదీసి చూస్తాడు.

గట్టు మీద నడవొచ్చు, ఒకరి వెనక ఒకరు. కొత్తగా బురద పూసిన గట్టు ఎక్కకండి. అంచు మీద కాలు వేస్తే జారేది మీరొక్కరే కాదు, గట్టూ జారుతుంది. ఎండ్రకాయ బొరియలు, ఎలుక కలుగులు ఉన్నచోట లోపల గుల్ల. మడవ దగ్గర మట్టి తీసి నీళ్లు పారిస్తే ముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ ఆ పూటే యూరియా చల్లి ఉంటే అది నీళ్లతో పాటు పక్కవాడి చేలోకో, మురుగులోకో పోతుంది. ఈ రైతు బస్తా పోయె, ఇద్దరికీ తగువు మిగిలె. చీకటి పడితే టార్చి లేకుండా గట్లమీదకు వద్దు. ఎలుకలున్న చోట తాచుపాములూ ఉంటాయి. ఒకవేళ కాటు పడితే కట్లు బిగించడం, కొయ్యడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు, కాలు కదపకుండా నేరుగా ఆసుపత్రికి.

కనుమ నాడు జగ్గన్నతోటకు ప్రభలు, అంటే వెదురుతో కట్టి దేవుణ్ని నిలిపిన అలంకార చట్రాలు, చేల మీదుగా, కౌశిక ఏరు దాటుకుని వస్తాయి. భుజాల మీద మోసే అంత పెద్ద ప్రభ మడిలో దిగి పైరు తొక్కుకుంటూ పోయినా చేనుగల రైతు కాదనడు, పైగా దండం పెడతాడు. ఆ దారి ప్రభకే ఇచ్చాడు, వెనకాల సెల్ఫీలకు వచ్చేవాళ్లకు కాదు. గట్టు మీదే నిలబడి చూడండి.

ఇక కొబ్బరి. చెట్టు కింద కారు పెట్టకూడదు, మంచం వెయ్యకూడదు. కాయే కాదు, ఎండిన మట్ట కూడా చెప్పకుండా పడుతుంది. కాయ దింపు నెలన్నర, రెండు నెలలకోసారి ఉంటుంది, ఆ పూట తోటలోకే వెళ్లొద్దు. తలెత్తి ఆకులు చూడండి. కత్తెరతో కోసినట్టు వరసగా తెగి ఉంటే కొమ్ముపురుగు మొవ్వును (నడినెత్తిన లేత ఆకును) అది విప్పుకోకముందే కొరికిందని అర్థం. ఆ పురుగు పెంటకుప్పలో పుట్టి పెరుగుతుంది. మానుకు చిల్లులుపడి ఎర్రటి జిగురు కారుతుంటే ఎర్రముక్కు పురుగు, ఇది ఇంకా ప్రమాదం. కురిడీ, అంటే గుండుగా ఎండిన కొబ్బరి, ఎలా అవుతుందని అడిగారు కదా. ముదురు కాయల్ని పీచుతోనే అటక మీద ఎనిమిది, పది నెలలు వదిలేస్తారు. లోపలి నీరు ఇంకి గుండు చిప్పను వదులుతుంది. ఊపితే నీళ్ల చప్పుడు కాకుండా లోపల గుండు లొడలొడలాడాలి.

పంటు, అంటే బండ్లను కూడా ఏరు దాటించే పడవ, ఎక్కాలని ఉంటే కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య ఎక్కండి. బండి బ్రేకు వేసి, దిగి నిలబడండి. లంకలకు, అంటే ఏటి మధ్య దీవులకు, వెళ్లాలనుకుంటే జనవరిలోనే వెళ్లండి, జులై ఆగస్టుల్లో వద్దు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. కనకాయలంక కాజ్‌వే లాంటివి ముందే మునిగిపోతాయి. పైన వరద నీరు దాటుతున్న కాజ్‌వే మీద మోకాలి లోతే కదా అని నడవకూడదు. అంచు ఎక్కడో కనపడదు.

తిరిగి వెళ్లేటప్పుడు ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కుంటారు కదా, చేసేది కూడా చూడండి. జయ రకం బియ్యం నానబెట్టి రుబ్బిన పల్చటి పిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన కుండ మీద ఒక్క లాగు లాగుతారు. కొన్ని క్షణాల్లో రేకు లేస్తుంది. కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. కర్ర నిప్పుకు కుండ ఒకచోట ఎక్కువ కాలి రేకు మాడుతుంది, ఆకు మంట అంతటా ఒకేలా తగులుతుంది. చుట్టిన వాటిని గట్టి డబ్బాలో పెట్టించుకోండి, సంచిలో అన్నిటికన్నా పైన ఉండాలి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, చెమ్మకు మెత్తబడి సాగుతాయి.

ఇట్లు,
మీ తాతయ్య