ఎండోస్కోపీ నార్మల్ అంటే యాసిడ్ రిఫ్లక్స్ లేనట్టేనా? అపోహలు - వాస్తవాలు

"గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది డాక్టర్ గారూ, ఒక్కసారి పైప్ వేసి చూసేయండి" అని అడిగేవాళ్లు మా ఓపీలో ఎప్పుడూ ఉంటారు. పైప్ అంటే ఎండోస్కోపీ. అడగడంలో తప్పేమీ లేదు. కానీ ఆ పైప్‌తో ఏం తెలుస్తుందో, ఏం తెలియదో ముందే అర్థం కాకపోతే, రిపోర్టు చేతికొచ్చాక పాత టెన్షన్ పోదు సరికదా, కొత్తది మొదలవుతుంది. గ్యాస్ట్రో డాక్టర్‌గా నాకు ఎక్కువగా వినపడే మాటలు ఇవీ.

అపోహ: ఎండోస్కోపీ నార్మల్, కాబట్టి నాకు రిఫ్లక్స్ లేదు.

రిఫ్లక్స్ అంటే కడుపులోని యాసిడ్ అన్నవాహికలోకి పైకి రావడం. కెమెరాకి కనిపించేది అలా పైకి రావడం కాదు, వచ్చి వచ్చి అన్నవాహిక లోపలి పొరని కొరికేసిన చోటు. రోజూ ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు ఉన్నవాళ్లలో సగానికి పైగా మందికి ఆ పొర చూడటానికి శుభ్రంగానే ఉంటుంది, అయినా వాళ్లది నిజమైన రిఫ్లక్సే కావచ్చు. పైగా మనవాళ్లు ముందురోజు రాత్రి వరకు యాసిడ్ తగ్గించే ప్యాంటోప్రజోల్ మాత్ర వేసుకుని మరీ పరీక్షకి వస్తారు, పుండు ఉన్నా అప్పటికే మానిపోయి ఉంటుంది, ఇక నేను చూసేదేముంది? రిఫ్లక్స్ ఉందో లేదో తేల్చడం కోసమే ఎండోస్కోపీ చేయించుకుంటుంటే, వీలైతే ఆ మాత్ర రెండు నుంచి నాలుగు వారాలు ఆపి చేయించుకోవాలి. సొంతంగా మాత్రం ఆపకండి. గతంలో పెద్ద పుండ్లు ఉన్నవాళ్లు, గుండెకి ఆస్పిరిన్ లాంటివి వాడుతూ కడుపు కోసం ఈ మాత్ర వేసుకునేవాళ్లు అడక్కుండా ఆపితే రక్తస్రావం దాకా వెళ్లొచ్చు.

అపోహ: గొంతు వెనక ఎర్రగా వాచిందని ఈఎన్‌టీలో చెప్పారు, అంటే యాసిడ్ గొంతుదాకా వస్తోంది.

ఇక్కడే చాలా గందరగోళం. ఈఎన్‌టీ వాళ్లు ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి స్వరపేటిక చూస్తారు, అది లారింగోస్కోపీ. మేం నోట్లోంచి పంపేది కడుపు దాటి చిన్నపేగు మొదలు వరకు వెళ్తుంది. ఈ రెండూ వేర్వేరు పరీక్షలు, ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు. స్వరపేటిక వెనక ఎరుపు, వాపు అనేవి సిగరెట్ వల్ల రావచ్చు, అలర్జీ వల్ల రావచ్చు, రోజంతా క్లాసులు చెప్పే టీచర్లకి రావచ్చు, ఊరికే గొంతు సవరించుకుంటూ ఉన్నా రావచ్చు. ఏ ఇబ్బందీ లేని ఆరోగ్యవంతుల్లోనూ అవే కనిపిస్తాయి. ఆ గుర్తులకి మార్కులు వేసి లెక్కగట్టే పద్ధతి ఒకటి 2001లో వచ్చింది, ఇప్పటికీ కొన్ని రిపోర్టుల్లో ఆ స్కోరు చూస్తుంటాను, కానీ ఒకే వీడియోకి ఇద్దరు డాక్టర్లు వేసే మార్కులు కలవకపోవడం మామూలే. అమెరికా గ్యాస్ట్రోఎంటరాలజీ కాలేజీ 2022 మార్గదర్శకాల్లో లారింగోస్కోపీ ఒక్కదాన్నే పట్టుకుని గొంతు రిఫ్లక్స్ అని తేల్చొద్దని స్పష్టంగా చెప్పింది.

మరి ఎలా తేలుతుంది? గొంతు బాధతో పాటు ఛాతీ మంట కూడా ఉంటే, యాసిడ్ తగ్గించే మాత్ర రోజుకి రెండుసార్లు 8 నుంచి 12 వారాలు వాడి చూడటం సబబే. ఛాతీ మంట అసలు లేదు, దగ్గు, బొంగురు, గొంతులో ముద్ద మాత్రమే ఉన్నాయంటే, ముందు పీహెచ్ పరీక్ష, అంటే అన్నవాహికలో యాసిడ్ ఎంతసేపు ఉంటోందో కొలిచే పరీక్ష చేయించుకోవడం మేలు. ముక్కులోంచి సన్నటి తీగ పెట్టి, నడుముకి చిన్న రికార్డర్ కట్టి ఇంటికి పంపిస్తారు. రోజూ తినేవే తినాలి, ఆవకాయతో సహా (పరీక్ష కదా అని ఒక్కరోజు పథ్యం ఉంటే దొరికేదేం ఉండదు). 24 గంటల్లో 6 శాతం కన్నా ఎక్కువసేపు, అంటే సుమారు గంటన్నర, అన్నవాహికలో యాసిడ్ ఉంటే రిఫ్లక్స్ ఖాయం. 4 శాతం లోపు ఉంటే కాదు. మధ్యలో ఉంటే మిగతా ఆధారాలు చూడాలి.

అపోహ: రిపోర్టులో 'లాక్స్ ఎల్‌ఈఎస్' (అన్నవాహిక కింది కవాటం వదులుగా ఉందని) అని రాశారు, నా వాల్వ్ పాడైపోయింది.

మన దగ్గర ఎన్ని రిపోర్టుల్లో ఈ మాట ఉంటుందో! పరీక్షలో లోపలికి గాలి పంపుతాం, పేషెంట్ త్రేనుస్తాడు, ఆ క్షణంలో కింది కవాటం తెరుచుకునే ఉంటుంది. కంటితో చూసి దాని బిగువు చెప్పలేం, దానికి మానోమెట్రీ అని వేరే పరీక్ష ఉంది. మీరు రిపోర్టులో వెతకాల్సింది లాస్ ఏంజెలిస్ గ్రేడ్, అంటే అన్నవాహిక పొర ఎంత దెబ్బతిందో ఏ నుంచి డీ వరకు చెప్పే కొలత. బీ, సీ, డీలలో ఏదైనా రాసి ఉంటే యాసిడ్ దెబ్బ తీసిందనడానికి గట్టి సాక్ష్యం. 'ఏ' గ్రేడ్ అంటే 5 మిల్లీమీటర్లు దాటని చిన్న గీతలు, అవి ఏ బాధా లేనివాళ్లలోనూ కనిపిస్తాయి కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మలేం. గ్రేడే రాయకుండా 'ఈసోఫజైటిస్' (అన్నవాహిక వాపు) అని వదిలేస్తే, చేసిన డాక్టర్‌నే అడగండి.

అపోహ: పైప్ వేస్తే ఊపిరాడదు.

శ్వాసనాళం వేరు, అన్నవాహిక వేరు. గొంతుకి మత్తు స్ప్రే కొడతారు, ఐదు పది నిమిషాల్లో అయిపోతుంది, ఓకరింపు మాత్రం వస్తుంది. మరీ భయమైతే నిద్ర ఇంజెక్షన్ తీసుకోండి, ఆరోజు బండి నడపొద్దు.

అపోహ: ముక్క తీశారంటే (బయాప్సీ) క్యాన్సర్ అనుమానమే.

ముద్ద మింగేటప్పుడు అడ్డం పడుతోందని వచ్చే కుర్రాళ్లలో పొర పైకి మామూలుగానే ఉన్నా ముక్కలు తీస్తాం, కనీసం ఆరు. ఈసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అనే అలర్జీ జబ్బు మైక్రోస్కోప్ కింద తప్ప బయటపడదు. ఆ ముక్కలు తీయకపోతే అప్పుడు గొడవపడండి.

అపోహ: గ్యాసే కదా, మాత్రతో తగ్గుతోంది, పరీక్షలెందుకు?

చాలామంది విషయంలో ఇది నిజమే, ప్రతి మంటకీ ఎండోస్కోపీ అక్కర్లేదు. కానీ మింగలేకపోవడం, బరువు తగ్గడం, నల్లటి విరేచనం, రక్తహీనత, ఆగని వాంతులు ఉంటే వెంటనే చేయించుకోవాలి. గుట్కా, ఖైనీ, చుట్ట అలవాటున్నవాళ్లకి మూడు వారాలు దాటి గొంతు బొంగురుపోతే అది గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతూ కూర్చోవద్దు, ముందు ఈఎన్‌టీకి వెళ్లి స్వరపేటిక చూపించుకోవాలి. ఇక మెట్లెక్కితే వచ్చి కూర్చుంటే తగ్గే ఛాతీ మంట, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి అయితే మా గదికి కూడా రావద్దు, ముందు ఈసీజీ తీయించుకోండి.